పెద్దపులికి పదిహేనో మేక

కరాళదుర్గానికి పడమట, మూడు వైపులా కొండలు గోడ కట్టినట్టు నిలబడ్డ చోట పులిబయలు అనే మైదానం ఉంది. ఆ వసంతకాలపు ఉదయాన దాని సొగసు చూడాలంటే రెండు కళ్ళూ చాలవు. చరియల నిండా మోదుగులు విరగబూసి కొండకు నిప్పంటుకున్నట్టున్నాయి. తూర్పు గట్టు మీద పగడాల స్తంభాలు, వాటి మీద బంగారు జరీ పందిరి, పందిరికి ముత్యాల జాలర్లు. నెమలిపింఛాల వీవనలు పట్టుకుని దాసీలు బారులు తీరి ఉన్నారు. మైదానం నడుమ పాలరాతితో పరిచిన గీతలు ఎండకు తళతళలాడుతున్నాయి. ఆ గీతలు కలుసుకునే చోటల్లా మోకాలెత్తున ఒక రాతి తిన్నె. పల్లెల్లో అరుగుల మీద బొగ్గుతో గీసుకుని చింతగింజలతో ఆడతారు చూడండి పులిజూదం, అచ్చంగా ఆ పటమే. చింతగింజలకు బదులు ఇక్కడ మనుషులు. దూరం నుంచి చూస్తేనే ఆ సొగసంతా. దగ్గరికి పోతే తిన్నెల మీద నల్లటి మరకలు కనిపిస్తాయి, ఎన్ని వానలు కురిసినా పోనివి.

ఆట సంగతి కాస్త చెప్పి ముందుకు పోతాను, లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. పులులు మూడు, మేకలు పదిహేను. ఏటా ఏదో ఒక ఊరికి ఆ గ్రహచారం పట్టేది. ఆ ఊరివాళ్ళు మేకలుగా మనుషులను ఇవ్వాలి, వాళ్ళను నడపడానికి ఒక కాపరిని పెట్టుకోవాలి. కాపరి గట్టు మీద నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఫలానా తిన్నె ఎక్కమంటాడు. ఎక్కిన కాలు మళ్ళీ పిలుపొచ్చేదాకా రాతికి అతుక్కుపోతుంది. ఒక మేక దిగితే ఒక పులి కదలాలి. మేకలన్నీ దిగాకే మేకలకు కదిలే వంతు. మేక వెనక తిన్నె ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా అటు దూకుతుంది, మేక పని సరి. ఐదు మేకలు పోయాయా, ఊరు ఊరంతా రాజుగారి గనుల్లోకి నడవాల్సిందే. పెద్దపులిని ఎటూ మెదలకుండా కట్టేశారా, ఊరు గెలిచినట్టు. కట్టిన ఆఖరి మేకకు ఆ పులి ప్రాణం మీద హక్కు.

ఇంతకీ ఆ పెద్దపులి ఎవరనుకున్నారు? సాక్షాత్తు వ్యాళకేతు మహారాజే. ఆస్థాన మాంత్రికుడు ఉలూకనాథుడు ఏటా ఈ రోజున ఆయన నెత్తిన భస్మం చల్లి పులిని చేస్తాడు, తన మంత్రపు పులులు రెండిటితో పాటు ఆటలో ఆయన్నీ నడుపుతాడు. తిన్న ప్రతి మేకా ఆయనకు ఆయుష్షు పోస్తుంది. ముత్తాతల కాలం నుంచీ ఆయనే రాజు, మీసంలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకునే రాజుల కథలు విన్నాం. ఈయన పెరుగన్నంలా చూసుకునేవాడు.

ఉలూకనాథుడు తన గొప్ప కోసం ఇంకొక శాసనం కూడా చెక్కించాడు. ఎదుట మేక, దాని వెనక ఖాళీ ఉంటే పులి దూకి తీరాలి. దొరికిన మేకను వదిలేది పులే కాదట. ఈ శాసనమంటే కాపరులందరికీ హడలు. అందుకని మేకలను జంటలు జంటలుగా, ఒకరి వెనక ఒకరిని దింపేవారు. దింపినంతసేపూ బాగానే ఉండేది. పదిహేనూ దిగాక మేకలు కదలక తప్పదు కదా, కదిలిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి వీపు ఖాళీ అయ్యేది. అక్కణ్ణుంచి పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఆ ఏడు జొన్నగుట్ట వంతు వచ్చింది. వాళ్ళు కుదుర్చుకున్న కాపరి దేశాలు తిరిగే ఒక ముసలివాడు. ఒక కంటికి గుడ్డ, బొడ్డు దాకా తెల్లగడ్డం, మెడలో గవ్వల పేరు, చేతిలో లావుపాటి వెదురుకర్ర. గవ్వల తాత అనేవారు. సంతల్లో ఎంతటి ఆటగాణ్ణయినా మూడు పులులతో ముప్పుతిప్పలు పెడతాడని పేరు. ఆ గడ్డం మేక వెంట్రుకలదనీ, గుడ్డ కింద కన్ను దివ్యంగా ఉందనీ, ఆ తాత నిజానికి కుందమ అనే ఆడదనీ జొన్నగుట్టలో ఎవరికీ తెలియదు.

కుందమ ఇప్పలపాడు పిల్ల. కొన్నేళ్ళ కిందట ఇప్పలపాటికి ఈ వంతు వచ్చినప్పుడు ఆమె తండ్రి తిప్పన కాపరి. అంతటి ఆటగాడు ఆ సీమలో లేడు. అయినా ఓడిపోయాడు. ఐదో మేకగా పోయినవాడు కుందమ తమ్ముడు కాచన. పెద్దపులి వాడి మీదుగా దూకినప్పుడు కుందమ కంచె పట్టుకుని నిలబడి ఉంది. వాడు "అక్కా" అని పిలిచాడు, అంతే. ఊరందరికీ సంకెళ్ళు వేసి గనులకు తోలుకుపోతుంటే దారిలో తిప్పన కూతురికి ఒక మాట చెప్పాడు. "ఆఖరి మేక దిగేసరికే పెద్దపులిని కట్టే ఎత్తు ఒకటుందమ్మా. ఇద్దరిని ఇచ్చెయ్యాలి. నాకు ముందే తెలుసు. కానీ ఏ ఇద్దరిని ఇవ్వమంటావు?"

ఆ సాయంత్రం ఏరు దాటుతుండగా కుందమ సంకెలతో సహా నీళ్ళలోకి దూకి తప్పించుకుంది. తండ్రి మంచివాడు, అందుకే తమ్ముడు పోయాడు అనుకుంది. నేను మంచిదాన్ని కాను అని ఒట్టు పెట్టుకుంది. అప్పటి నుంచీ ఆమెకు వేరే ఆలోచన లేదు. తిన్నా, పడుకున్నా, ఎండలో నడిచినా వ్యాళకేతుడి మెడే కళ్ళముందు ఆడేది. ఆ మెడ మీద తన చెయ్యి పడాలి, అంతే ఆమెకు కావలసింది.

జొన్నగుట్ట వాళ్ళను ఆమె పద్నాలుగురినే అడిగింది. "పదిహేనో మేకను నేనే అవుతాను. మీతో పాటే నా ప్రాణం కూడా," అంది గొంతు బొంగురు చేసి. ఊరిపెద్ద ఆ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆమె కాళ్ళకు మొక్కాడు. పాపం, వాళ్ళకేం తెలుసు.

గట్టు మీద మేకలుగా వచ్చిన పద్నాలుగురూ వరసగా నిలబడ్డారు. వరస మొదట్లో జోగవ్వ అని ఒక పండుముసలిది. కొడుకుల బదులు తానొస్తానని పట్టుబట్టి వచ్చింది. ఆమె కుందమ పక్కకు జరిగి, నోట్లో పొగాకు చుట్ట అటు నుంచి ఇటు మార్చుకుంటూ చిన్నగా అంది.

"తాతా, నిన్న సాయంత్రం ఏట్లో నీళ్ళు తాగేటప్పుడు చూశాలే. కొంగు సర్దుకోబోయి కండువా సర్దుకున్నావు. మగోడు అట్టా సర్దుకోడు."

కుందమ కర్ర బిగించి పట్టుకుంది. "ఎవరికైనా చెప్పావా అవ్వా?"

"నాకేం పని. ఆడదానివై ఇంత వేషం కట్టావంటే నీ కడుపులో మంట ఏపాటిదో ఆ మాత్రం తెలీదా నాకు. ఎవురు పోయారు నీకు?"

"తమ్ముడు."

జోగవ్వ చుట్ట మళ్ళీ అటు మార్చుకుంది. తర్వాత తిన్నెల వైపు చూస్తూ అంది. "నా చిన్నప్పుడు అరుగు మీద నేనూ ఆడేదాన్నిలే ఈ ఆట. ఎర పెట్టకుండా పులిని కట్టినోళ్ళను నేను చూళ్ళేదు. నిజం చెప్పు, ఎర పెడతావు కదూ?"

కుందమకు అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "పెడతాను."

"సరే, నన్ను పెట్టు. పళ్ళూడినదాన్ని, ఆ పులికి కూడా నమలడానికి సులువు." జోగవ్వ తన మాటకు తానే నవ్వుకుంది. "ఒక్క ఎరతో అవుతుందా?"

ఇప్పుడు అబద్ధం ఆగలేదు. "అవుతుంది అవ్వా."

"అయితే మంచిదే. మిగతావోళ్ళు పిల్లలుగలోళ్ళు."

వరస చివర చిట్టెన్న ఉన్నాడు. కుమ్మరి కుర్రాడు, పెళ్ళయి ఏడాది కాలేదు. భయంతో ఏడుస్తున్నవాళ్ళ భుజం తట్టి, నువ్వు ముందు, నేను వెనక అని అందరినీ సర్దుతూ తాను చివరికి చేరాడు. కంచె అవతల ఊరివాళ్ళలో వాడి పెళ్ళాం గురివి నిలబడి ఉంది. "ఒసే గురివీ, చట్టిలో పులుసు మాడబెట్టి వచ్చావేమో, పొయ్యి ఆర్పావా?" అని ఇక్కడి నుంచి కేకేశాడు. అంత ఏడుపులోనూ నలుగురు నవ్వారు. గురివి మాత్రం నవ్వలేదు, వాణ్ణే చూస్తూ ఉంది.

కొమ్ముబూరలు మోగాయి. పందిరి కింద వ్యాళకేతుడు సింహాసనం దిగాడు. తలపై వజ్రకిరీటం, భుజాన నవరత్నాల కేయూరాలు, నడిచి వస్తుంటే ఆ ఠీవి చూసి తలలన్నీ వంగాయి. ఉలూకనాథుడు ముందుకొచ్చాడు. గుడ్లగూబ ఈకల కిరీటం, గుండ్రటి పసుపు కళ్ళు, చేతిలో ఎముక దండం. పిడికెడు భస్మం రాజు నెత్తిన చల్లాడో లేదో మెరుపు మెరిసింది. రాజున్న చోట ఎద్దంత పులి ఒళ్ళు విరుచుకుంది. పటంలో శిఖరపు తిన్నె మీద అది వెళ్ళి కూర్చుంది. దాని వెనక మంత్రపు పులులు రెండు, గుర్రుమంటూ.

"ఏమోయ్ ముసలోడా," అన్నాడు ఉలూకనాథుడు ఎదుటి గట్టు నుంచి. "ఒంటికన్నుతో పటమంతా కనిపిస్తుందా?"

"నాకు కావలసింది ఒక్కటే స్వామీ, అది బాగానే కనిపిస్తోంది," అంది కుందమ.

ఆట మొదలైంది.

జోగవ్వను పక్కన ఉంచి, మొదటి నలుగురినీ ఆమె పటం అడుగున రెండు జంటలుగా దింపింది. పులులు కిందికి జారాయి. తర్వాతి నలుగురినీ కుడి అంచున గోడలా నిలిపింది. ఒక మంత్రపు పులి వాళ్ళ చుట్టూ తిరిగి, సందు దొరక్క తోక ఝాడించింది. ఉలూకనాథుడు ఆవులించాడు. కాపరులందరూ ఆడే ఆటే ఇది, ఎండెక్కేదాకా జంటలు, తర్వాత విందు.

కానీ కుందమ జంటలు కట్టడం లేదు, దారులు మూస్తోంది. తొమ్మిదో మేక దిగేసరికి పెద్దపులికి ఎడమ పక్క దారి పోయింది. పదో మేక, పదకొండో మేక దిగేసరికి నైరుతి మూల తిన్నెకు పైనుంచి వచ్చే గీత మీద ముందొకరు వెనకొకరు నిలబడ్డారు. ఇక ఆ మూలకు అడుగు గీత ఒక్కటే తెరిచి ఉంది. పన్నెండో మేకను దూరంగా, ఊరికే పారేసినట్టు దింపింది. ఉలూకనాథుడు ఆ మేక కోసం పెద్దపులిని అడుగు గీత మీదికి నడిపించాడు. కుందమకు కావలసిన తిన్నె సరిగ్గా అదే.

పెద్దపులికీ మూలకూ నడుమ ఇప్పుడు ఒక్క తిన్నె, ఖాళీగా. మూల కూడా ఖాళీ. ఆ నడిమి తిన్నె మీద ఎవరు దిగినా వాళ్ళ పని అయిపోయినట్టే.

"జోగవ్వా," అని పిలిచింది కుందమ. వేలు పెట్టి చూపించింది.

పండుముసలిది చుట్ట ఉమ్మేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పొలానికి పోతున్నదానిలా నడిచింది. తిన్నె ఎక్కేటప్పుడు మోకాలు పట్టేస్తే పులి ముందే నిలబడి కాసేపు రుద్దుకుంది. తర్వాత ఎక్కింది. పెద్దపులి గాలిలోకి లేచింది. కంచె వెనక జనం కళ్ళు మూసుకున్నారు. కుందమ మూసుకోలేదు. పులి మూల తిన్నె మీద వాలి మూతి నాక్కుంది.

"ఒకటి," అన్నాడు ఉలూకనాథుడు హాయిగా. "అయ్యో, ముసలోడికి చూపు ఆనలేదల్లే ఉంది."

ఇప్పుడు పెద్దపులి మూలలో ఉంది. పైగీత మూసే ఉంది. ఎదురుగా జోగవ్వ నిలబడ్డ తిన్నె ఖాళీ, దాని అవతల పులి దూకి వచ్చిన తిన్నె కూడా ఖాళీ. ఆ రెండూ ఒకేసారి నిండితే పులి కుడితిలో పడ్డ ఎలుకే. కానీ కుందమకు ఒక పిలుపుకు ఒక్క మేకే కదా. ఒక తిన్నె మీద మేకను పెడితే పులి రెండో దారి చూసుకుంటుంది. అందుకే తిప్పన చెప్పాడు ఇద్దరు కావాలని. రెండో ఎరను మంత్రపు పులి ముందు పెట్టాలి. శాసనం ప్రకారం అది దూకి తీరాలి. దూకితే సరిగ్గా ఆ అవతలి తిన్నె మీదే పడాలి. పులి దారిని పులే మూయాలి.

మంత్రపు పులి ఒక్క గీత దూరంలో, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. దానికెదురుగా తిన్నె ఖాళీగా ఉంది. వరసలో మిగిలినవాడు చిట్టెన్న ఒక్కడే.

కుందమ వాడి వైపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా రాళ్ళతో, గవ్వలతో, చింతగింజలతో ఈ ఎత్తు వేసి చూసుకుంది. రెండో గింజకు ఎప్పుడూ మొహం లేదు. ఇప్పుడు ఆ గింజ చేతులు నులుముకుంటూ, వేళ్ళ సందుల్లో ఎండిన బంకమట్టితో, "నన్ను కాస్త నీడపట్టున దింపు తాతా, కాలు మాడుతోంది," అంటోంది. ఆమె చూపించబోయిన వేలు మడుచుకుంది. అప్పుడే మూలలో పెద్దపులి తల తిప్పి పందిరి వైపు చూసి, తిని కూర్చున్న జమీందారులా ఒక త్రేన్పు త్రేన్చింది. కాచన పోయిన రోజు కూడా అది అలాగే త్రేన్చింది. కుందమకు జాలి చచ్చిపోయింది.

"చిట్టెన్నా, అదిగో ఆ తిన్నె."

చిట్టెన్న నడిచి వెళ్ళి ఎక్కాడు. కాలు అతుక్కుంది. ముందు పులి ఉంది. వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత గట్టు వైపు చూసి, పొరపాటు చేసిన పెద్దవాళ్ళకు గుర్తుచేసినట్టు మర్యాదగానే అన్నాడు. "తాతా, నా వెనక ఎవరూ లేరే."

కుందమ చూపు మూల తిన్నె మీదికి తిప్పుకుంది.

ఉలూకనాథుడు మాత్రం పటం చూసి కొయ్యబారిపోయాడు. అప్పటికి అర్థమైంది అతనికి. "వద్దు, దూకొద్దు, ఆగు," అని ఎముక దండం ఝళిపించాడు. కానీ శాసనం చెక్కించింది ఎవరు? తానే. తాను తీసిన గోతికి తాను అడ్డం పడినా ఆగుతుందా? మంత్రపు పులి గోళ్ళతో రాతిని గీక్కుంటూ ఒక్క క్షణం పెనుగులాడింది, తర్వాత ఎవరో తోక పట్టి విసిరినట్టు ఎగిరింది. చిట్టెన్న మీదుగా దూకి పెద్దపులి వదిలి వచ్చిన తిన్నె మీద పడింది.

కంచె దగ్గర నుంచి కేక ఏదీ రాలేదు. కుందమ అటు చూడలేదు. కర్ర పట్టుకుని గట్టు దిగి పరుగెత్తింది.

పెద్దపులి ఆమెను చూసి లేచింది. పైగీత మీదికి మూతి పెట్టింది, అక్కడ ఇద్దరు మేకలు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. ఇటు తిరిగింది. ఇంకా జోగవ్వ నెత్తురు ఆరని తిన్నె మీద కుందమ రెండు కాళ్ళూ ఊనింది. ఆమె వెనక తన సొంత పులే దారికి అడ్డంగా కూర్చుని ఉంది. వ్యాళకేతుడు గర్జించబోయాడు. గర్జన సగంలో మనిషి గొంతయింది. చారలు చెదిరిపోయాయి. మూల తిన్నె మీద కిరీటం లేని, కేయూరాలు లేని ఒక లావుపాటి మనిషి చతికిలబడి ఉన్నాడు, గడ్డం కింద మాంసం వణుకుతోంది.

పులి కట్టుబడింది కాబట్టి రాయి కుందమ కాళ్ళను వదిలింది. ఆమె మూల తిన్నె దగ్గరికి నడిచి గడ్డం పీకి పారేసింది. కంటి గుడ్డ విప్పింది. అతని మెడ మీద చెయ్యి వేసింది. ఆ చర్మం వెచ్చగా, మెత్తగా ఉంది. ఇదా, ఇంతేనా అనిపించింది ఆమెకు.

"నేను ఇప్పలపాడు తిప్పన కూతురిని. కాచన అక్కను."

వ్యాళకేతుడు ఆమె మొహంలోకి చూశాడు, చాలా శ్రద్ధగా. "ఏ ఏడు?" అని అడిగాడు. "ఇప్పలపాడు... ఏటి ఒడ్డునుంటుంది, అదేనా? తప్పు నాదేనమ్మా, నాకు గుర్తు రావడం లేదు. ఎంతమందినో కదా. నీ ఊరివాళ్ళను గనుల్లోంచి వదిలేస్తాను, సగం రాజ్యం రాసిస్తాను. నీ తమ్ముడు ఎలా ఉండేవాడో కాస్త చెప్పు, గుర్తు తెచ్చుకుంటాను."

ఇన్నేళ్ళూ ఆమె ఊహించుకున్నది వేరు. అతను భయపడతాడని, కాచన పేరు వినగానే నీరుగారిపోతాడని అనుకుంది. వాడి పేరు కూడా అక్కర్లేకుండా తిన్నాడని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. వెదురుకర్ర మోకాలికి కొట్టి విరిచింది. లోపల దాచిన కొడవలి బయటికొచ్చింది.

"గుర్తు తెచ్చుకునే పని లేదు," అంది.

ఒక్క వేటు. ముత్తాతల నాటి ఆయుష్షంతా ఒక్కసారిగా వదిలి, ఆ ఒళ్ళు తిన్నె మీదనే ముడుచుకుని, ఎండుటాకులా అయి, బూడిదై గాలికి లేచిపోయింది.

నేల కంపించింది. పాలరాతి గీతలు పగిలాయి. మేకల కాళ్ళు తిన్నెల నుంచి ఊడిపడ్డాయి. మంత్రపు పులులు రెండూ పొగై చెదిరాయి. పందిరి కూలి దాసీలు తలో దిక్కుకూ పరుగెత్తారు. ఉలూకనాథుడు ఎముక దండం పళ్ళ మధ్య కరిచి రెండు చేతులూ చాపాడు. చేతులు రెక్కలయ్యాయి. మనిషంత గుడ్లగూబ ఒకటి మైదానం మీద చుట్టు తిరుగుతూ అరిచింది.

"ఆట గెలిచావు పిల్లా, సంతోషం. గనుల తలుపులకు నా మంత్రమే తాళం. ఈ రోజు పొద్దు కుంకేసరికి ఆ తలుపులు కొండలో కలిసిపోతాయి. లోపల మీ నాన్న ఇంకా తవ్వుతూనే ఉన్నాడు. చేతనైతే వచ్చి తీసుకో."

గుడ్లగూబ ఉత్తరపు కనుమ వైపు దూసుకుపోయింది. తండ్రి బతికే ఉన్నాడన్న మాట కుందమకు చెంపదెబ్బలా తగిలింది. పందిరి దగ్గర రాజుగారి గుర్రం కళ్ళెం తెంచుకోబోతూ గింజుకుంటోంది. దాన్ని అందుకుంటే కనుమ దాకా పొద్దుండగానే చేరొచ్చు. కొడవలి అక్కడే పడేసి ఆమె గుర్రం వైపు పరుగెత్తింది.

జొన్నగుట్ట వాళ్ళు కంచె విరగ్గొట్టుకుని లోపలికి వస్తున్నారు. కొందరు ఆమె కాళ్ళ మీద పడ్డారు. ఊరిపెద్ద "తల్లీ, దేవతవమ్మా" అంటూ చేతులెత్తాడు. ఆమె వాళ్ళను తప్పించుకుని గుర్రం జూలు పట్టుకుంది. ఒక కాలు రికాబులో పెట్టింది.

"కాస్త ఆగు," అంది వెనక ఎవరో.

కుందమ తిరిగి చూసింది. గురివి. అరిచీ ఏడ్చీ లేదు ఆమె. మొహం పొడిగా ఉంది. చేతిలో కుందమ కొడవలి ఉంది, ఇంకా తడిగానే.

"మా ఆయన వెనక ఎవరూ లేరని నీకు చెప్పాడు," అంది గురివి. "ఇక్కడిదాకా వినిపించింది నాకు. నువ్వు విన్నావా?"

"విన్నాను."

"ముందే తెలుసా నీకు?"

తెలియదని ఒక్క మాట అంటే చాలు. ఊరంతా ఆమె పక్షానే ఉంది, ఆ మాట నమ్ముతారు. గుర్రం ఉంది, దారి ఉంది, కొండ లోపల తండ్రి ఉన్నాడు. కుందమ నోరు తెరిచింది.

"తెలుసు," అంది. "ఇప్పలపాటి నుంచి బయల్దేరిన నాటి నుంచీ తెలుసు. ఎవరన్నది తెలియదు గానీ, ఇద్దరని తెలుసు."

గురివి తల ఊపింది. సంతలో కుండకు బేరం తెగినప్పుడు ఊపినట్టు. ఊరివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఊరిపెద్ద ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఉత్తరపు కనుమ మీద గుడ్లగూబ చుక్కంతయి కనిపిస్తోంది.

"మీ తమ్ముడు పోయాక ఎన్నాళ్ళు ఆగావు నువ్వు?" అని అడిగింది గురివి.

"చాలా ఏళ్ళు."

గురివి కొడవలి పిడి మీద చెమట చెయ్యి చీరకు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది.

"నేనంత ఆగలేను," అంది.